పదిహేడో గడి

పలాసలో రైలు దిగేసరికి
జీడిపిక్కలు కాలుతున్న వాసన
నాకంటే ముందే ఊళ్ళో తిరుగుతోంది.
నా సంచిలో ఒక కాగితం.
ముప్పై ఒక్క మంది పిల్లలు, ముప్పై ఒక్క గడులు.
పేర్లుండవు, అంకెలే.
బతికున్నారు, పోయారు, తెలియదు:
మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి.

పదిహేడుకి ఎదురుగా రెండేళ్ళుగా
తెలియదు.

ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి రాంగ్ నంబరన్నారు.
ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది.
మా డాక్టరుగారంటారు,
మందు పనిచేసిందో లేదో
వచ్చినవాళ్ళు సగమే చెబుతారు,
మిగతా సగం రానివాళ్ళ దగ్గరుంటుందని.

అందుకే కాశీబుగ్గ దాటి, ఆటో మారి,
బట్టీల వెనక సందులో
కన్ను తీసిన పిల్ల ఇల్లెక్కడని అడగలేక
బైరి దాలమ్మ ఇల్లెక్కడని అడుగుతూ వచ్చాను.

దాలమ్మ పనిలో ఉంది.
నలభై మంది ఆడవాళ్ళు, రెండే ట్యూబులైట్లు.
పప్పు మీద పొర ఒలిచి, ఎత్తి చూసి,
గుండు ఒక తట్టలోకి, బద్ద ఒక తట్టలోకి,
నల్ల మచ్చున్నది కాళ్ళ దగ్గరికి.
నన్ను చూసింది. చెయ్యి ఆగలేదు.
"ఈ కిలో అవనీమ్మా."

ఆ కిలో అయ్యేదాకా గుర్తు చేసుకున్నాను.
నాలుగేళ్ళ కిందట విశాఖ ఆసుపత్రిలో
చంకలో పది నెలల పిల్లతో ఈమె.
దీపం ముట్టించినప్పుడు ఎడమ కన్ను
పిల్లికన్నులా తెల్లగా మెరిసేదట.
చుట్టాలు ముచ్చటపడ్డారట.
ఆర్నెల్లు ముచ్చటపడ్డారట.

ఎడమది తీసేశారు.
కుడిదాన్లో మూడు గింజలు.
తొడ దగ్గర నరంలోంచి వెంట్రుకంత గొట్టం పంపి
కంటి గుమ్మం దాకా మందు మోసుకెళ్ళే పద్ధతి,
ఆ మందు కొత్తది, ఇంకా పరీక్షలో ఉన్నది.
"నయమవుతాదా?" అందీవిడ.
"అదే తెలుసుకుంటున్నాం" అన్నారు డాక్టరు.
అంత నిజం ఆ రోజు నాకే నచ్చలేదు.

వేలిముద్ర వెయ్యమంటే పడలేదు.
జీడినూనె తినేసిన వేళ్ళు.
సిరా అద్దితే కాగితం మీద
గీతల్లేని నున్నటి నీలిమరక.
ఆ మరకనే ఒప్పుకోలని దాచుకున్నాం.

ఇంటి గుమ్మంలో లిఖిత గచ్చకాయలాడుతోంది.
ఎగరేసి పట్టుకుంటోంది, నాలుగింట్లో మూడు.
నేను లెక్కపెట్టాను.
లెక్కపెట్టడం నా ఉద్యోగం.

"ఎందుకు రాలేదు?"
దాలమ్మ చాలాసేపు చేతుల బూడిద దులుపుకుంది.
"ఒకటి ఇచ్చీసినాం గదమ్మా.
మల్లీ వొస్తే రెండోది అడుగుతారేటోనని.
సూస్తంది గదా,
సూసినన్నాళ్ళు సూడనీ అనుకున్నాను."

నా కాగితంలో దీనికి గడి లేదు.

తలుపు మూసి, చీకట్లో
ఫోను ఫ్లాషుతో ఒక ఫొటో తీశాను.
ఇది పరీక్ష కాదని నాకు తెలుసు.
మత్తిచ్చి పడుకోబెట్టి, పెద్ద దీపంతో
మూలమూలా వెతికితే గానీ ఎవరూ ఏదీ చెప్పలేరు.
అయినా తీశాను.
కుడికంట్లో ఎర్రచుక్క,
పెళ్ళి ఫొటోల్లో అందరూ చెరిపించుకునే చుక్క.
పక్కన పెట్టుడు కన్ను
నల్లగా, మర్యాదగా ఉంది.

పదిహేడో గడిలో టిక్కు పెట్టాను.
ఒకసారి సరిపోతుంది,
పెన్ను రెండుసార్లు గీసింది.

గురువారం బండికి వస్తానంది.
వస్తుందో, రాదో.
లేవబోతుంటే ఉండమంది.
ఉయ్యాల్లోంచి ఒక పాత చీర మూట తీసింది.
ఏ కాగితంలోనూ లేనివాడు,
నలభై రోజులవాడు.
గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా
పప్పుని ఎత్తి చూసినట్టు వాణ్ణి ఎత్తి పట్టుకుని
"ఈడివి కూడా సూడమ్మా" అంది.

వాడు నిద్ర కళ్ళు విప్పడు.
ఫోను పట్టుకుని నేనూ, వాణ్ణి పట్టుకుని ఆమే.
బయట ఆట సాగుతూనే ఉంది.
గచ్చకాయ చేతికి చిక్కితే చప్పుడుండదు,
పడితేనే.
ఇద్దరం వింటున్నాం.